గౌడప్ప రైఫిలుకు నేను బిగించిన మూగ గొట్టం

ఆదోనిలో ముప్పై ఏళ్లకు పైగా తుపాకులు బాగుచేసి బతికాను. మా వీధిలో పిల్లలు ఇప్పటికీ నన్ను తుపాకి ఆచారి తాత అంటారు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు నన్ను వెతుక్కుంటూ వచ్చి, మీ అనుభవాలు రాసిపెట్టండి అని అడిగారు. నా గొప్పలు రాస్తానని వాళ్ల ఆశ కాబోలు. గొప్పలు నాలుగు ముక్కల్లో అయిపోతాయి. లైసెన్సు ఎట్లా తెచ్చుకున్నాను, ఏ కలెక్టరు మెచ్చుకున్నాడు, ఇవన్నీ ఎవరికి పనికొస్తాయి? నేను చేసిన ఒక తప్పుడు పని, దాని మీద ఆడిన ఒక అబద్ధం, ఆ అబద్ధం మీద ఆడిన ఇంకో అబద్ధం, వీటి గురించి రాస్తాను. రాయడానికి సిగ్గుగానే ఉంది. ఇన్నేళ్లూ రాయకుండా ఉన్నందుకు ఇంకా సిగ్గుగా ఉంది.

ఉస్తాదు దగ్గర

నాకు పని నేర్పినవాడు ఖాసిం సాహెబు. ఊరంతా ఆయనను ఉస్తాదు అనేవారు. మా నాన్న కొలిమి పని చేసేవాడు. నాకు నాగళ్ల మీద కన్నా తాళాల మీద, గడియారాల మీద ఎక్కువ ధ్యాస ఉందని చూసి నన్ను తీసుకుపోయి ఆయన దగ్గర వదిలాడు. మొదటి ఏడాది ఉస్తాదు నా చేతికి తుపాకి ఇవ్వలేదు. గుడ్డ ఇచ్చాడు. తుడవమన్నాడు, అంతే.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆలూరు, దేవనకొండ వైపు రైతులు. అడవిపందులు శనగచెట్లు పెకలించేస్తాయి, జింకలు మొలకలు కొరికేస్తాయి, కాబట్టి ఇంటికొక పాత మందుగుండు తుపాకి ఉండేది. వాటిని వాళ్లు చూసుకునే తీరు చూస్తే ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు. ఒక పెద్దాయన ఎద్దు కొమ్ములకు పూసినట్టు తుపాకికంతా నెయ్యి పూసి అటక మీద పెట్టాడు. ఎలుకలు నెయ్యి నాకడంతో ఊరుకోక చెక్కంతా కొరికేశాయి. తుపాకి తెచ్చి నా ముందు పెట్టి, "మంచి నెయ్యే పూసినాను సామీ, ఇంట్లో వాళ్లకు గూడ పెట్టకుండా" అన్నాడు. ఉస్తాదు నవ్వలేదు. ఆయన ఎవరినీ ఎగతాళి చేసేవాడు కాదు. కొత్త చెక్క చేసిమ్మని నాతో చెప్పి ఊరుకున్నాడు.

ఉస్తాదుకు ఒకటే నియమం. అనుమానం ఉన్న తుపాకి కొట్టు గడప దాటకూడదు. "బేటా, గడియారం తప్పు చేస్తే బస్సు తప్పుతాది. ఇది తప్పు చేస్తే మనిషి పోతాడు. ఈడ మొహమాటం నక్కో, వద్దు" అనేవాడు. నేను తల ఊపేవాడిని. తల ఊపడం చాలా తేలిక.

తేలికది కావాలన్నాడు

మా తాలూకా బళ్లారి జిల్లాలోంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసిన తర్వాత ఒకటి రెండేళ్ల మాట. అప్పటికి ఉస్తాదుకు చూపు దాదాపు పోయింది. కొట్టు నేనే నడిపేవాడిని, ఆయన ఉదయం వచ్చి గుమ్మం పక్కన బల్ల మీద కూర్చునేవాడు.

ఎమ్మిగనూరుకు ఇవతల ఒక పల్లెలో బసవన గౌడ అనే భూస్వామి ఉండేవాడు. అందరూ గౌడప్ప అనేవారు. ఆయనకు వేట పిచ్చి. ఒకరోజు చేతిలో ఇరవై రెండు నంబరు రైఫిలు పట్టుకుని వచ్చి, మద్రాసులోని ఒక తుపాకుల దుకాణం వాళ్లు పంపిన బొమ్మల పుస్తకం నా ముందు పరిచాడు. అందులో సైలెన్సర్ బొమ్మ మీద వేలు పెట్టాడు.

"ఇది కావాలప్పా. ఒక్క మోత వింటే జింకల మందంతా ఆలూరు దాకా పరిగెత్తుతాది. మోత లేకుంటే ఒకటి పడినా పక్కది మేస్తానే ఉంటాదంట. నిజమేనా?"

నేను అంతకుముందు దాన్ని చూసింది ఒక్కసారే. నూలు మిల్లులో పనిచేసి వెళ్లిపోయిన ఒక తెల్లదొర తుపాకికి ఉండగా చూశాను. గొట్టం మూతికి తగిలించే మరో గొట్టం. లోపల అడ్డంగా బిళ్లలు, బిళ్లల నడుమ గుండు పోవడానికి దారి. మందు గాలి ఆ బిళ్లల మధ్య తిరిగి మెత్తబడి బయటికి వస్తుంది, కాబట్టి మోత తగ్గుతుంది. మా వైపు జనం దాన్ని మూగ గొట్టం అన్నారు. పుస్తకంలో రెండు రకాలున్నాయి. ఒకటి ఉక్కుది, బరువు. రెండోది సిల్వరుది, అంటే అల్యూమినియంది, తేలిక.

ఉస్తాదు తీసుకుంటే ఉక్కుదే తీసుకోవాలన్నాడు. అసలు తీసుకోవద్దనే ఆయన మనసు. నేను తేలికదాన్ని ఎంచాను. ఇందులో కొంత న్యాయం ఉంది, అది కూడా చెప్పాలి. బరువుది తగిలిస్తే తుపాకి ముందుకు వాలుతుంది, చెయ్యి త్వరగా అలుస్తుంది, గురి వణుకుతుంది. నడిచి వేటాడేవాడికి తేలికదే సుఖం. కానీ గౌడప్ప నడిచి వేటాడేవాడా? మా వైపు జింక మనిషిని చూస్తే పారిపోతుంది, ఎద్దులబండిని చూస్తే పట్టించుకోదు. అందుకని బండిలో జొన్నసొప్ప పరిచి, అందులో పడుకుని మంద దగ్గరికి పోతారు. గతుకుల చేలల్లో బండి ఊగుతుంటే తుపాకి మూతి పక్క కొయ్యలకు తగులుతూనే ఉంటుంది. బండిలో మోసే తుపాకికి బరువు సమస్య కాదు, దెబ్బ సమస్య. సిల్వరుది దెబ్బకు ఆగదు. ఈ సంగతి నాకు తట్టకపోలేదు. గౌడప్ప తేలికది చూసి ముచ్చటపడ్డాడు, నేను ఆయన ముచ్చట చూసి సంబరపడ్డాను. పనివాడు సరుకు ఎంచేటప్పుడు కొనేవాడి మొహం చూడకూడదు. అది వాడే చోటు చూడాలి.

రెండు వారాలకు పార్సెలు వచ్చింది. బిగించి మా దొడ్లో ఇసుక గుట్ట మీదికి కాల్చి చూశాం. ఎవరో గోడ అవతల తువాలు దులిపినంత చప్పుడు. గౌడప్ప ఎగిరి గంతేసినంత పని చేశాడు. "మా ఆచారి చెయ్యి పడితే తుపాకి గూడ గుసగుసలాడతాది" అని బజారంతా చెప్పాడు. ఆ మాట విన్నప్పుడల్లా నా ఛాతీ ఉబ్బేది. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

కాపాడుకోవడం

ఈ గొట్టాన్ని కాపాడుకోవడం పెద్ద విద్యేం కాదు. వేట అయిన వెంటనే తుపాకి నుంచి విప్పాలి. తగిలించి పెడితే లోపలి మసి చెమ్మ పట్టి రెండింటినీ తింటుంది. కిరసనాయిలు గుడ్డతో తుడవాలి, సిల్వరుదైతే ఇనుప కుచ్చు ముట్టించకూడదు. నీడలో ఆరనివ్వాలి. మర సందుల్లో ఇసుక రేణువు ఉండగా బిగిస్తే అది వంకరగా కూర్చుంటుంది. బిగించిన ప్రతిసారీ, తూటా లేదని రెండుసార్లు చూసుకుని, వెనకనుంచి గొట్టంలోకి వెలుతురు చూడాలి. తుపాకి రంధ్రమూ, మూగ గొట్టం రంధ్రమూ ఒకదాని నడుమ ఒకటి గుండ్రంగా కనబడాలి. ఒక పక్కకు నెలవంకలా నీడ పడిందా, ఆ గొట్టం పనికిరాదు. సాగదీయడాలు, తట్టి సరిచేయడాలు లేవు. వంగినదాన్ని పారేయాలి.

పైన రాసిన నాలుగు ముక్కలూ నాకు అప్పుడే తెలుసు. అది గుర్తుపెట్టుకుని తర్వాతిది చదవండి.

మాఘమాసంలో గౌడప్ప రైఫిలు తీసుకుని వచ్చాడు. "ఎడమకు లాగుతాంది ఆచారీ. నిన్న మూడు వేసినా ఒకటి గూడ తగల్లే" అన్నాడు. చూశాను. గొట్టం పక్కన చిన్న సొట్ట. లోపల నెలవంక నీడ.

ఉస్తాదు బల్ల మీద నుంచే అడిగాడు. "నీడ ఉందా?"

"కొంచెం ఉస్తాద్."

"అయితే పారేయ్."

గౌడప్ప మొహం వాడిపోయింది. బళ్లారి నుంచి ఆయన వియ్యంకుడు మర్నాడు వేటకు వస్తున్నాడు. మూగ తుపాకి చూపిస్తానని ఉత్తరం రాశాడట. "నా పరువు పోతాది ఆచారీ. నీ చేతిలో కానిదేముంది? రవ్వంత తట్టు" అని బతిమాలాడు. నేను కొయ్య సుత్తి తీసుకుని తట్టాను. నీడ తగ్గింది, పోలేదు. వెంట్రుకవాసి మిగిలింది. చూడలేని ముసలాయన పక్కనే కూర్చుని "పోయిందా?" అని అడిగాడు.

"పోయింది" అన్నాను.

ఉస్తాదుకు అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.

పత్తి చేను పక్కన

"నువ్వూ రా, నీ పనితనం మా వియ్యంకునికి చూపిస్తా" అని గౌడప్ప నన్ను వేటకు పిలిచాడు. సాయంత్రం బస్సుకే వెళ్లి వాళ్ల ఇంట్లో పడుకున్నాను. తెల్లవారగానే బండి కట్టారు. బండిలో గౌడప్ప, వియ్యంకుడు, నేను, తోలేవాడు.

అవి పత్తి ఏరే రోజులు. మా వైపు ఏరే రోజుల్లో వేటకు ఒక కట్టుబాటు ఉండేది. చేనులో కూలీలు ఉన్నారనుకుంటే ముందు ఒక ఉత్త దెబ్బ పైకి పేల్చాలి. దాన్ని పలుకు దెబ్బ అంటారు. అది విన్న ఆడవాళ్లు వంచిన నడుములెత్తి, నిలబడి, ఒకరి తర్వాత ఒకరు కేకేసి పలకాలి. ఏ మూల ఎవరున్నారో వేటగాళ్లకు తెలుస్తుంది. వేట జరుగుతున్నంతసేపూ మోత వినబడినప్పుడల్లా లేచి పలుకుతూనే ఉండాలి. పలకని మనిషికి దెబ్బ తగిలితే తప్పు ఆ మనిషిదే. దెబ్బ పేల్చకుండా కాలిస్తే తప్పు తుపాకిది. ఎవరు పెట్టారో గానీ, నాకు తెలిసినంతలో దాన్ని పాటించినంతకాలం ఎవరికీ గాయం కాలేదు.

మంద కనబడింది. పది పన్నెండు జింకలు, నల్ల మగది ఒకటి. వాటికి ఎడమ పక్కగా, కొంత దూరంలో గౌడప్పదే పత్తి చేను. చేనులో నడుములు వంచిన ఆడవాళ్లు తెల్లగా, ఎర్రగా అక్కడక్కడ కనబడుతున్నారు.

"పలుకు దెబ్బ వేయరా గౌడప్పా?" అని అడిగాను. అడిగాను, అది నిజం.

"వేస్తే ఇంగ నీ గొట్టం ఎందుకప్పా?" అని నవ్వాడు.

వియ్యంకుడు నవ్వాడు. నేనూ నవ్వాను.

మొదటి దెబ్బ వేశాడు. తువాలు దులిపినంత చప్పుడు. ఏమీ పడలేదు, ఒక జింక తలెత్తి చూసి మళ్లీ మేసింది. వియ్యంకుడు "అబ్బబ్బా" అని మురిసిపోయాడు. రెండో దెబ్బ ఎటు పోయిందో తెలియదు. మూడో దెబ్బకు తుపాకి మూతి దగ్గర టక్కుమని చిన్న చప్పుడైంది. ఆ చప్పుడు ఏమిటో నాకు అర్థమైంది. గుండు గొట్టం అంచును రాసుకుపోయింది.

చేనులోంచి అరుపు వినబడింది.

బండి తోలుకుపోయాం. ఒక మనిషి సాలు మధ్య కూర్చుని కుడి మోచేయి పట్టుకుని ఉంది. పాతికేళ్లుంటాయి. ఒడిలో ఏరిన పత్తంతా ఎర్రగా తడిసింది. ఆమె పేరు మార్తమ్మ. పక్కన ఆమె తల్లి సుందరమ్మ, ఆమె కూడా ఏరడానికి వచ్చిన కూలీయే, "ఏమాయె బిడ్డా, ఏమాయె" అంటూ తన కొంగు చించి కడుతోంది. ఏమైందో వాళ్లకు అర్థం కాలేదు. పాము కరిచిందా అని ఒకామె అడిగింది. బండి, తుపాకి చూశాక గానీ వాళ్లకు తెలియలేదు.

అదే బండిలో ఎమ్మిగనూరుకు, అక్కడినుంచి బస్సులో ఆదోని మిషను ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణానికి భయం లేదన్నారు. మోచేయి కీలు చితికిపోయింది, ఇక వంగదన్నారు.

ఆ మధ్యాహ్నం గౌడప్ప ఇంట్లో నేను ఒక్కడినే తుపాకి దగ్గర కూర్చున్నాను. మూగ గొట్టం మూతి అంచు మీద సీసం మెరుస్తూ ఉంది, గుండు తగిలిన గీత. మర్నాడు హెడ్డు కానిస్టేబులు వస్తాడు. నా సంచిలో ఆకురాయి ఉంది. తీసి ఆ గీతను నున్నగా రాసేశాను. ఎవరూ చెప్పలేదు, గౌడప్పకు ఆ గీత ఉందని కూడా తెలియదు. నా లైసెన్సు పోతుందని, నా పేరు పోతుందని, నా అంతట నేనే చేశాను. దరిద్రపు చేతులు, ఎంత బాగా పనిచేశాయో!

చావడిలో

కానిస్టేబులు వచ్చి చూసి, ప్రమాదం అని రాసుకుని వెళ్లాడు. పల్లెల్లో అసలు తీర్పు చావడిలో జరిగేది. నాలుగు రోజుల తర్వాత పెద్దలు కూర్చున్నారు. గురి తప్పిన మొదటి రెండు దెబ్బలే పలుకు దెబ్బ కిందికి వస్తాయన్నారు, కాబట్టి తేలాల్సింది ఒకటే సంగతి. తుపాకి మోగిందా లేదా? మోగితే, పలకనందుకు తప్పు మార్తమ్మది. మోగకపోతే తప్పు గౌడప్పది, చెయ్యి పోయిన మనిషిని జీవితాంతం గౌడప్పే పోషించాలి.

మొదట కూలీలందరూ ఒకే మాట చెప్పారు. "మాకు మోత వినపడలే సామీ."

పెద్దలు నా వైపు తిరిగారు. "ఆచారీ, తుపాకి పనోడివి నువ్వు. నీ మాటే మాట. అది మోగుతాదా మోగదా?"

గౌడప్ప నన్ను చూడలేదు. నేల చూస్తున్నాడు. ఆ క్షణంలో నేను నిజం చెప్పి ఉంటే ఆయన కూడా కాదనేవాడు కాదేమో, ఏమో.

"మోగుతుంది. మామూలుదాని కన్నా కొంచెం తక్కువ, అంతే" అన్నాను.

"గుండు సక్కగా పోతాదా?"

"తుపాకి సరిగ్గానే ఉంది."

అక్కడితో ఆగితే బాగుండేది. పెద్దలు మళ్లీ కూలీలను అడిగారు. "ఆచారి మోగుతాదంటాండాడు. సరిగా గుర్తు సేసుకోండి." ఒకామె, ఏమో సామీ, మాటల్లో పడింటిమి, ఏదో టప్పుమన్నట్టే ఉండాది, అంది. ఇంకొకామె నేనూ విన్నాను, లేచి పలికినాను గూడ అంది. మర్నాడు ఏరాల్సింది గౌడప్ప చేనే కదా. ఒక్కొక్కరే విన్నవాళ్లయిపోయారు. సుందరమ్మ చివరిదాకా తల వంచుకుని ఉంది. ఆమెను పేరు పెట్టి అడిగారు.

"విన్నా సామీ" అంది.

విననిదల్లా మార్తమ్మ ఒక్కతే అయింది. చేతికి కట్టుతో స్తంభానికి ఆనుకుని నిలబడి ఒక్కొక్కరి మొహం చూస్తోంది. చివరికి తల్లి మొహం చూసింది. తప్పు ఆమెదేనని తీర్పు చెప్పారు. ఆసుపత్రి ఖర్చు గౌడప్ప దయతలచి పెట్టుకుంటాడన్నారు. ఎంత మంచి మనసు అని నలుగురూ మెచ్చుకున్నారు.

గౌడప్ప తుపాకి, గొట్టం నాతోనే పంపేశాడు. ఆదోనికి వచ్చి జరిగింది ఉస్తాదుకు చెప్పాను, నా సంగతి తప్పించి. ఆయన చెయ్యి చాచి గొట్టం ఇవ్వమన్నాడు. బొటనవేలితో మూతి అంచు చుట్టూ తడిమాడు. కళ్లు లేనివాడి వేలికి దొరకనిదేముంది? ఆకురాయి రాసిన చోట వేలు ఆగింది.

"నాకు నీడ పోయిందని సెప్పినావు" అన్నాడు. లేచి, గోడ పట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు. మళ్లీ కొట్టుకు రాలేదు. నేను వాళ్లింటికి వెళితే పడుకున్నాడని చెప్పించేవాడు. ఆయన జనాజా లేచినప్పుడు కూడా అంతిమయాత్రలో అందరికీ వెనకే నడిచాను.

ఇసుక గుట్ట

దీనికన్నా పెద్ద తప్పు ఇంకా చెప్పలేదు.

నెల తర్వాత ఒక ఉదయం మార్తమ్మ మా కొట్టు ముందు నిలబడింది. కట్టు మార్పించుకోవడానికి ఆసుపత్రికి వచ్చి, అటునుంచి అటే వెతుక్కుంటూ వచ్చిందట. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. కాదు.

"అప్పా, ఒక సంగతి అడుగుదామని వచ్చినా. అందరూ విన్నామంటాండారు. మాయమ్మ గూడ. నా పక్క సాల్లోనే ఉండె ఆయమ్మ. నాకొక్కదానికే ఎట్ల వినపడలే? నా సెవుల్లో ఏమన్నా దోషముందేమో. ఆ తుపాకి నీ కాడే ఉందంట గదా. ఒక్కసారి పేల్చి సూపియ్యి. వినపడతాదో లేదో సూసుకుంటా."

గౌడప్ప ఆ తుపాకిని నా దగ్గరే వదిలేశాడు, నిజమే. మూగ గొట్టం సొరుగులో ఉంది, తుపాకి గోడకు ఉంది. వచ్చిన మనిషి నన్ను అనుమానించలేదు. తన చెవులను అనుమానించుకుంటోంది. సొరుగు తెరిచి, గొట్టం బిగించి ఒక్క దెబ్బ వేస్తే చాలు. ఆమెకు అంతా తెలిసిపోయేది. నాకూ అంతటితో అయిపోయేది.

గోడ మీది తుపాకి తీశాను. సొరుగు తీయలేదు. దొడ్లోకి పోయాం. ఆమె గోడ దగ్గర నిలబడి, బాగా వినాలని కాబోలు, చెవుల మీది కొంగు వెనక్కి తోసుకుంది. ఇసుక గుట్ట మీదికి కాల్చాను. మూగ గొట్టం లేని తుపాకి కదా, ఫట్టుమని పేలింది. పావురాలు లేచిపోయాయి.

"అదే తుపాకేనా?" అని అడిగింది.

"అదే."

అబద్ధం కాదు. అదే తుపాకి. ఇంత నికృష్టమైన నిజం నా జన్మలో ఇంకెప్పుడూ చెప్పలేదు.

ఆమె కొంగు మళ్లీ చెవుల మీదికి లాక్కుంది. "బాగనే వినపడె" అంది. "అయితే ఆ పొద్దు నా మతి యాడనో ఉన్నట్టుండాది. ఊరికే మాయమ్మ మీద కోపం పెట్టుకుంటి. నెల దినాలాయె మాట్లాడక." నాకు ఎడమ చేత్తో దణ్ణం పెట్టింది. "మంచిపని సేసినావప్పా, నా అనుమానం తీర్సినావు" అని వెళ్లిపోయింది.

కొత్తగా వచ్చేవాళ్లకు ఒక మాట. మన పనిలో పనిముట్టు తప్పు చేస్తే అది చెప్పేవాడు మనం ఒక్కరమే. మిగతావాళ్లకు దాని లోపల ఏముందో తెలియదు, మన మొహం చూసి నమ్ముతారు. ఆ నమ్మకాన్ని నేను ఎట్లా వాడుకున్నానో చూశారు కదా. వంకర గొట్టం పారేయడం రానివాడికి ఏ పనీ రానట్టే. నాకు పని వచ్చని మీరు అనుకోవద్దు.

ఇరవై రెండేళ్ల తర్వాత

గౌడప్ప చనిపోయాడు. నాకు ఎంత వయసొచ్చినా పత్తి ఏరే రోజులు వస్తే అన్నం సహించేది కాదు. మా ఆవిడకు కూడా ఎందుకో చెప్పలేదు. చివరికి ఒకరోజు బస్సెక్కి ఆ పల్లెకు వెళ్లాను. మార్తమ్మ ఇంటి ముందు ఎడమ చేత్తో చింతపండు ఒలుస్తూ కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది. కుడి చెయ్యి కర్రలా ఒడిలో ఉంది. నన్ను గుర్తుపట్టి, కూర్చోమని పీట వేయించింది. నీళ్లు తాగి, కళ్లు మూసుకుని, అంతా చెప్పేశాను. సొట్ట, నీడ, గీత, ఆకురాయి, సొరుగులో ఉండిపోయిన గొట్టం.

ఆమె చింతపండు ఒలవడం ఆపలేదు. అంతా అయ్యాక అడిగింది. "నాకెందుకు సెప్తాండావప్పా? సావిట్లో అంటివి గదా, సావిట్లో సెప్పు."

లేచి ముందు నడిచింది. నేను వెనక నడిచాను. చావడిలో ఏడెనిమిది మంది ఉన్నారు, సగం మంది ఆ రోజులకు పుట్టనివాళ్లు. ఆమె కొడుకూ ఉన్నాడు. మీసాలొచ్చినవాడు. నిలబడి గట్టిగానే చెప్పాను. ఒక ముసలాయన "ఎప్పటి మాటలప్పా అవి, పోనీలే" అన్నాడు. కొడుకు మాత్రం తల వంచుకుని తల్లి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి కోపమొచ్చినప్పుడల్లా "నీ పరధ్యానానికి నీ చెయ్యి పోయె, మా కడుపులు కాలె" అనేవాడట. అది తర్వాత తెలిసింది.

బస్సు దాకా ఆమె నాతో వచ్చింది. క్షమించమని అడగాలనుకున్నాను. అడిగే మొహం లేదు. ఆమె తనంతట తనే మాట్లాడింది.

"మాయమ్మ పోయి ఆరేండ్లాయె. పోయేటప్పుడు మూడు దినాలు నా సెయ్యి ఇడిసిపెట్టలే. ఈ సెయ్యే, వంగని సెయ్యి. 'బిడ్డా, ఆ పొద్దు సావిట్లో నేను' అంటా మొదలుపెట్టేది. నేనే నోరు మూయిస్తి. 'నాదే తప్పులేమ్మా, ఇంగ ఆ మాటెత్తొద్దు, ఆచారి కాడ పేల్పిచ్చి సూసుకుంటి గదా' అంటి. మూడు దినాలూ సెప్పనియ్యలే అప్పా. సెప్పకుండానే పోయె."

బస్సు వచ్చింది. ఎక్కమంది. ఎక్కాను.